సున్నం వేయకముందే ఎర్రబడిన నీళ్లు

2017 డిసెంబరులో నన్ను ఉమ్మడి నల్గొండ జిల్లాలో, ఆలేరు వైపున్న ఒక రేంజ్‌కు బదిలీ చేశారు. అటవీ శాఖలో అన్నిటికన్నా కింద ఉండేది బీట్, కొన్ని బీట్లు కలిస్తే సెక్షన్, కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజ్. రేంజ్ ఆఫీసర్ అంటే అడవిలో తిరిగే ఉద్యోగమని బయటివాళ్లు అనుకుంటారు. నా రేంజ్‌లో అడవి పేరుకే ఉండేది. గుట్టలు, తుమ్మచెట్లు, చెరువులు, ఆ చెరువుల కట్టల మీద మొక్కలు నాటించే బాధ్యత, ఇవే నా సామ్రాజ్యం.

ఒక ఊరి చెరువు పనితో ఆ ఉద్యోగం మొదలైంది. ఊరి పేరు చెప్పను, అక్కడి మనుషులు ఇంకా ఉన్నారు. ఆ చెరువులోకి నీళ్లు తెచ్చే వాగును అంతకు ముందే పూడిక తీసి బాగుచేశారు. గట్ల నిండా పాతుకుపోయిన లొట్టపీసును యంత్రాలతో పీకేశారు. లొట్టపీసు పూలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గానీ అది మన నేల మొక్క కాదు. విరిగిన ముక్క ఎక్కడ పడితే అక్కడ వేరు పట్టి నీటి దారిని మూసేస్తుంది. దాన్ని పీకితే గట్టు బోసిపోయింది. ఒక్క పెద్ద వాన పడితే ఆ మట్టంతా మళ్లీ చెరువులోకే చేరుతుంది. కాబట్టి వానలకు ముందే గట్టును పట్టుకునే స్థానిక పొదలు కావాలి. మేం ఎంచుకున్నది వావిలి. నీటి అంచున పెరుగుతుంది, వరదకు వంగి మళ్లీ లేస్తుంది, వేళ్లు వలలా అల్లుకుంటాయి. ఇంకో గొప్ప గుణం, మేకలు దాన్ని ముట్టవు. మేకల సంగతి తెలియకుండా తెలంగాణలో మొక్కలు నాటించిన అధికారులు ఏం సాధించారో నేను చూశాను.

వావిలిని విత్తనంతో పెంచడం ఆలస్యం. కొమ్మ ముక్కలతో పెంచాలి. వాటిని ఆఫీసులో కటింగులు అనేవాళ్లం, ఊళ్లో పుల్లలు అనేవారు. నిరుటి కొమ్మ కావాలి, మరీ లేతది కుళ్లుతుంది, మరీ ముదిరింది మొండికేస్తుంది. చూపుడువేలు మందం, జానెడు పొడవు. కింది కొసను కణుపు కింద ఏటవాలుగా, పై కొసను అడ్డంగా కోయాలి. అలా కోస్తే ఏది కింద, ఏది పైన అని తడుముకోనక్కర్లేదు. తలకిందులుగా గుచ్చిన పుల్ల బతకదు. కోసిన వెంటనే తడి గోనెలో చుట్టి, అదే రోజు సంచుల్లో గుచ్చాలి. ఇంతా చేశాక దాన్ని వదిలేయడమే కష్టమైన పని. వేరు వచ్చిందా అని పీకి చూసేవాళ్ల చేతిలో ఏదీ బతకదు.

మా నర్సరీలో అప్పటికే జాగా లేదు, కూలీలూ లేరు. అందుకని ఊళ్లోని మహిళా సంఘానికి ఆ పని అప్పగించాం. సంచులు, మట్టి మేం ఇస్తాం, పెరట్లో నీడ పట్టున పెట్టుకుని నీళ్లు పోసి పెంచాలి, బతికిన మొక్కకే చెల్లింపు. సంఘంలో ఎక్కువమంది చేనేత కుటుంబాల ఆడవాళ్లు. పొద్దంతా మగ్గం దగ్గరే, నూలు కండెలు చుడుతూ ఇంట్లోనే ఉంటారు కనుక మొక్కకు వాళ్ల కన్నా మంచి కాపలా దొరకదని మా అంచనా. సంఘం నాయకురాలు అండాలమ్మ. యాభై దాటిన మనిషి, ఆమె మాట ఆ వీధికి చట్టం. ఆమె భర్త పట్టునూలుకు రంగులు అద్దుతాడు.

పుల్లలు కోసి తెచ్చే పని బీరమ్మకు ఇచ్చాం. గొర్ల కాపరుల కుటుంబం. ఏడాది కింద భర్త పోయాడు, మందను అమ్ముకోవాల్సి వచ్చింది. వాగు వెంట ఎక్కడెక్కడ వావిలి ఉందో, ఏ మలుపులో నీరు ఆగుతుందో ఆమెకు తెలుసు. శాఖ లెక్కలో ఆమె దినకూలీ వాచర్, అంటే ఈరోజు పని ఉంది, రేపు ఉండాలన్న హామీ ఏదీ లేదు. ఆమెకు మాత్రం ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి అదొక్కటే ఆధారం.

జనవరిలో పుల్లలు గుచ్చారు. కొద్దిరోజులకే చిగుళ్లు వచ్చాయి. వీధి వీధంతా సంబరపడింది. తర్వాత ఉన్నట్టుండి ఆ చిగుళ్లు అంచుల్లో మాడి, వాలి, నల్లబడి రాలిపోయాయి. ఒక ఇంట్లో కాదు, నేతవాళ్లుండే సాలోళ్ల వీధిలోని అన్ని ఇళ్లలో. ఊరవతల బీరమ్మ తన గుడిసె పక్కన గుచ్చుకున్నవి మాత్రం పచ్చగా నిలిచాయి.

వీధి ఏం తేల్చిందో ఊహించడం కష్టం కాదు. పుల్లలు తెచ్చింది ముండమోసిన చెయ్యి. అందుకే చచ్చాయి. తన ఇంట్లోవి బతికాయంటే మన పచ్చదనం అటు పోయినట్టే.

నాకు ఒళ్లు మండింది. విద్యార్థి రోజుల నుంచీ నేను హేతువాద సభల్లో వాదించి పెరిగినవాణ్ని. దిష్టి మీద, ముహూర్తం మీద, వైధవ్యం పేరిట స్త్రీకి చేసే అవమానం మీద గంటలకొద్దీ మాట్లాడగలను. మాట్లాడాను కూడా. అండాలమ్మ ఇంటి అరుగు మీద సంఘాన్ని కూర్చోబెట్టి, చెయ్యికి మొక్కను చంపే శక్తి ఉంటే గడ్డి మందులు ఎందుకు కొంటున్నారని అడిగాను. ఎవరూ అడ్డు తగల్లేదు. అంతా అయ్యాక అండాలమ్మ కండె చుడుతూనే అడిగింది.

"మీరు సదువుకున్నోళ్లు సారూ, మీరు చెప్పింది అబద్ధమని నేను అంటలేను. మరి మా పుల్లలెందుకు సచ్చినయ్?"

లేచి సంచులు ఒక్కొక్కటే తడిమాను. మట్టి చూశాను, ఒకటే మట్టి. సంచులకు రంధ్రాలున్నాయి. పుల్లలు సరిగ్గానే కోశారు, ఏదీ తలకిందులు కాదు. చెదలు లేవు. నీళ్లు పోస్తున్నారా అంటే రోజూ పోస్తున్నామన్నారు, మట్టి తడిగానే ఉంది. సభల్లో ఇలాంటి చోట చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. అరుగు మీద నుంచి మాత్రం తలవంచుకుని దిగాను.

దారిలో మా సెక్షన్ ఆఫీసర్ యాదగిరి తన ఉపాయం చెప్పాడు. మంచివాడే, జీపు ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకునేవాడు. "జర ఆలోచించుండ్రి సార్. ఆమెను ఇంకో ఊరి పనికి పంపుదం. గొడవ ఖతం." నిజానికి కార్యాలయాల్లో నూటికి తొంభై గొడవలు ఇలాగే ఖతం అవుతాయి. నష్టానికి కారణం వెతకడం కన్నా మనిషిని మార్చడం సులభం. ఇంకో ఊరికి ఆమె రోజూ ఎలా వెళ్తుందని అడిగాను. అతను నిమ్మకాయ వైపు చూశాడు.

ఆ వారాంతంలో కబురొచ్చింది. ఆదివారం పొద్దున సంఘం కూర్చుంటుంది, ముందు పుల్లలకు దిష్టి తీస్తారు, తర్వాత బీరమ్మ తెచ్చినవి ఇక తీసుకోకూడదని తీర్మానం చేస్తారు. సంఘం తీర్మానిస్తే నేను కాదనే వీలు తక్కువ. పని వాళ్ల పేరిట ఉంది, పెరళ్లు వాళ్లవి. నేనూ యాదగిరీ వెళ్లేసరికి అండాలమ్మ పెరట్లో ఆడవాళ్లు గుమిగూడారు. మిగిలిన సంచులన్నీ తెచ్చి మధ్యలో పెట్టారు. బీరమ్మ దడి బయటే నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె కూడా అడగలేదు.

దిష్టికి ఎర్రనీళ్లు కావాలి. పళ్లెంలో నీళ్లు పోసి, పసుపు కలిపి, ఆ తర్వాత సున్నం వేస్తే నీళ్లు నెత్తురు రంగుకు తిరుగుతాయి. వాటిని తిప్పి పారబోస్తారు. అండాలమ్మ పెరటి మూలనున్న సిమెంటు తొట్టిలోంచి చెంబుతో నీళ్లు తీసి పళ్లెంలో పోసింది. పసుపు వేసి వేలితో కలిపింది. సున్నం డబ్బా మూత ఇంకా తీయనేలేదు. నీళ్లు ఎర్రబడ్డాయి.

ఆమె చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. వెనకనున్న ఒక ముసలమ్మ రెండు చేతులూ జోడించింది. "తల్లి చూపిచ్చింది. సున్నం ఎయ్యకముందే చూపిచ్చింది." అందరి చూపూ దడి వైపు మళ్లింది. బీరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ క్షణంలో నాకు నిజంగా భయమేసింది. తీర్మానం దాకా కూడా ఆగరేమో అనిపించింది.

కానీ దాని వెంటే ఇంకో సంగతి తట్టింది. పసుపు తనంత తాను ఎర్రబడదు. సున్నమో, సున్నం గుణం ఉన్నదో తగిలితేనే ఎర్రబడుతుంది. సున్నం మనం వేయలేదంటే అది ముందే నీళ్లలో ఉంది.

ఇంకో పళ్లెం అడిగాను. అదే పసుపు, అదే వేలు, నీళ్లు మాత్రం వంటింట్లో తాగడానికి పట్టుకున్న నల్లా నీళ్లు. అండాలమ్మ అయిష్టంగానే కలిపింది. పచ్చగా ఉన్నాయి. కాసేపు చూశాం, పచ్చగానే ఉన్నాయి. అప్పుడు చిటికెడు సున్నం వేయమన్నాను. ఎర్రబడ్డాయి. తల్లి ఒక పళ్లెంలో చూపించి రెండో పళ్లెంలో ఎందుకు చూపించలేదని అడగాలని నాలుక కొస దాకా వచ్చింది. అరుగు మీద పొందిన అనుభవం గుర్తొచ్చి మింగేశాను. తొట్టి నీళ్లు ఎక్కడివని మాత్రం అడిగాను. పట్టునూలు జాడించినవని అండాలమ్మ చెప్పింది.

పట్టునూలుకు జిగురు ఉంటుంది. సోడా, సబ్బు వేసి ఉడకబెడితే అది పోయి నూలు మెత్తబడుతుంది. తర్వాత దాన్ని నీళ్లలో జాడిస్తారు. మొదటి జాడింపు నీళ్లు మురికిగా ఉంటాయి, పారబోస్తారు. చివరి జాడింపు నీళ్లు చూడటానికి తేటగా ఉంటాయి. నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో తేటనీళ్లను పారబోయడానికి ఎవరికీ చేతులు రావు. అండాలమ్మ ఇంటి వెనక ఆ నీళ్లకు పెద్ద తొట్టి ఉంది. గిన్నెలు కడగడానికి, వాకిట్లో చల్లడానికి వీధి వీధంతా అక్కడే ముంచుకునేది. ఇప్పుడు పుల్లలకూ అవే పోశారు. ఊరవతల ఉండే బీరమ్మకు మాత్రం ఈ తొట్టితో పనే లేదు. వేరు లేని పుల్ల కోసిన కొస ద్వారానే నీరు పీలుస్తుంది. మొదట్లో కొమ్మలో దాచుకున్న ఆహారంతో చిగురిస్తుంది. చిగురు వచ్చినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదు. ఆ దాచుకున్నది అయిపోయాక సోడా నీళ్లలో వేరు పుట్టకపోతే పచ్చగా ఉన్నది ఒక్కసారిగా మాడిపోతుంది. బయటినుంచి చూసేవారికి అది అచ్చం దిష్టి తగిలినట్టే ఉంటుంది.

ఇదంతా చెప్పాను. ఈసారి అండాలమ్మ కండె చుట్టడం లేదు. ఆలోచిస్తోంది.

"పసుపు మరక మీద సబ్బు రాస్తే గిట్లనే ఎర్రగైతది," అంది తనలో తను అనుకుంటున్నట్టు. వెంటనే తలెత్తింది. "గని సారూ, గా మునగచెట్టుకు ఏండ్ల సంది గీ నీళ్లే పోస్తున్నం. కాయలు కాస్తనే ఉంది. దానికేం గాలె."

మంచి ప్రశ్న. లోతుకు వేళ్లు దిగిన చెట్టుకూ, వేరంటూ లేని పుల్లకూ తేడా చెప్పాను. తల ఊపింది గానీ ఒప్పుకోలేదు. ఒప్పుకోనక్కర్లేదన్నాను. పరీక్ష పెడదామన్నాను. కొత్త పుల్లలు, ఒకే వాగువి. సగం బీరమ్మ గుచ్చాలి, సగం ఊళ్లో చల్లని చెయ్యి అని పేరున్న అండాలమ్మే గుచ్చాలి. ఇద్దరివీ మళ్లీ రెండు భాగాలు చేసి ఒక భాగానికి నల్లా నీళ్లు, ఇంకో భాగానికి తొట్టి నీళ్లు పోయాలి. అన్నీ పంచాయతీ ఆఫీసు వెనక, ఒకే నీడలో ఉంచాలి. ఫలితం వచ్చాక వాదించుకోవడం కాదు, ఏది జరిగితే ఏమనుకోవాలో ముందే తేల్చుకోవాలి. చెయ్యి చంపితే బీరమ్మవన్నీ చావాలి. నీళ్లు చంపితే తొట్టి నీళ్లు తాగినవన్నీ చావాలి, ఎవరు గుచ్చినవైనా.

"పుల్లలు కోసేది ఎవరు మరి?" అంది ముసలమ్మ. ఆమె తెలివికి ముచ్చటేసింది. యాదగిరి కోస్తాడన్నాను. అతను నా వైపు దీనంగా చూశాడు.

అండాలమ్మ దడి దాకా నడిచి వెళ్లింది. "ఏమంటవ్ బీరమ్మా? ఓడితే మళ్ల ఏడ్వద్దు."

బీరమ్మ అన్నది నాకు మాట మాటా గుర్తుంది. "గెలిస్తే నన్ను పేరంటానికి పిలువుండ్రి అంటలేను అక్కా. పని తియ్యకుండ్రి. అంతే."

ఒప్పుకున్నాక అసలు బాధ నాకు మొదలైంది. సభలో వాదం ఓడితే ఇంకో సభ ఉంటుంది. ఇక్కడ ఓడితే ఒక మనిషి కూలి పోతుంది. పైగా మూఢనమ్మకానికి నా చేతులారా ప్రభుత్వ ముద్ర వేసినవాణ్నవుతాను. ప్రకృతి మన పక్షాన సాక్ష్యం చెప్పడానికి పుట్టలేదు. ఏ చెదపురుగో, ఏ ఆవు కాలో సరిగ్గా బీరమ్మ సంచుల మీదే పడితే ఏం చేయాలి? చుట్టూ కంప వేయించాను. రేంజ్‌లో ఎక్కడ తిరిగినా సాయంత్రానికి ఆ ఊరి మీదుగా రావడం అలవాటైంది.

మొదట అన్ని వరసలూ చిగురించాయి. తొట్టి నీళ్ల వరసలు కూడా. "సార్, నీళ్లు మంచిగనే ఉన్నట్టున్నయ్ గద," అన్నాడు యాదగిరి. ఆ రోజుల్లో నాకు నిద్ర సరిగా పట్టలేదని ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. హేతువాదికి నమ్మకం ఉండకూడదంటారు. నాకు ఉన్నది నమ్మకం కాదు, అంచనా. కానీ అంచనా తప్పితే కలిగే దడ, నమ్మకం తప్పితే కలిగే దడ కన్నా తక్కువేమీ కాదు.

ఫిబ్రవరి ఎండ ముదిరాక ఒక సాయంత్రం వెళ్లేసరికి తొట్టి నీళ్ల వరసలు వాలి ఉన్నాయి. అండాలమ్మ గుచ్చినవీ, బీరమ్మ గుచ్చినవీ ఒకేలా వాలాయి. ఆకు అంచులు ఒకేలా మాడాయి. నల్లా నీళ్ల వరసల్లో ఇద్దరివీ అక్కడక్కడా ఒకటో రెండో పోయాయి, మిగిలినవి కొత్త ఆకు తొడిగాయి. కంప దాటి లోపలికి వెళ్లి వరసలన్నీ ఇంకోసారి లెక్కపెట్టుకున్నాను.

మరుసటి ఉదయం ఊరంతా వచ్చింది. నేనేమీ ఉపన్యసించలేదు. ప్రతి వరస నుంచి ఒక్కో సంచి చించి చూపించాను. నల్లా నీళ్ల సంచుల్లో తెల్లటి సన్న వేళ్లు మట్టిని పట్టుకుని ఉన్నాయి. తొట్టి నీళ్ల పుల్లల కింది కొస నల్లబడి మెత్తగా ఉంది. ముసలమ్మ రెండు చేతుల్లో రెండు పుల్లలు పట్టుకుని పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత బీరమ్మ వైపు తిరిగి, "నీ చెయ్యి గూడ సల్లనిదేనే," అంది. అది క్షమాపణో, మెచ్చుకోలో నాకు తెలియలేదు. బీరమ్మ మాత్రం నవ్వింది. ఆ ఊళ్లో ఆమె నవ్వు చూడటం నాకు అదే మొదలు.

అండాలమ్మ నవ్వలేదు. ఆమెకు వేరే చింత. "మరి గిన్ని తొట్టి నీళ్లు యాడ పొయ్యాలె సారూ?" ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబుంది. వాకిట్లో చల్లుకోండి, గిన్నెలకు వాడుకోండి, మొక్కలకూ చెరువు వైపు కాలువకూ వద్దన్నాను. ఇక పెరటి పుల్లలకు నల్లా వచ్చిన రోజు ఇంటికి రెండు బిందెలు పక్కన పెట్టాలని ఆమే అక్కడికక్కడ తేల్చింది. తీర్మానం అదొక్కటే అయింది. పుల్లలు కోసే పని బీరమ్మదే. ఆ సాయంత్రమే కొడవలి తీసుకుని ఆమె వాగులోకి దిగింది.

జీపు ఎక్కుతుంటే అండాలమ్మ చివరి మాట తనదే కావాలన్నట్టు దగ్గరికొచ్చింది. "దిష్టి గూడ ఉంటది సారూ. గని గీసారి నీళ్లే." నేను నవ్వాను. పదేళ్ల కింద అయితే అక్కడే దిగి వాదించేవాణ్ని.

ఆ ఏడు తొలివానలకు గట్టు మీద వావిలి నాటాం. గట్టు నిలిచింది. ఆ తర్వాత కొన్నేళ్లకు నేను రిటైరయ్యాను.

ఆ పోస్టింగ్ నాకు నేర్పింది ఇది. మూఢనమ్మకం ఎప్పుడూ ఉత్త గాలిలోంచి పుట్టదు. నిజంగా జరిగిన ఒక నష్టం మీద పుడుతుంది. ఆ నష్టాన్ని కాదని, నమ్మకాన్ని మాత్రమే వెక్కిరించే హేతువాదం సగం పనే చేస్తుంది, నేను చాలాకాలం ఆ సగమే చేశాను. కారణం తెలియని నష్టానికి ఊరు ఒక మనిషిని వెతుకుతుంది, ఆ వెతుకులాటలో ముందు దొరికేది తిరిగి జవాబు చెప్పలేని మనిషే. కనుక కారణం కనిపెట్టడం శాస్త్రానికి సంబంధించిన పని మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించిన పని. దాన్ని నిందకు ముందే చేయాలి.